ఎండాకాలంలో హాట్ టబ్‌కి కరెంటు ఎంత కాలుతోంది? ఆపేయాలా, ఉంచాలా?

నూజివీడు_ఫ్రిస్కో · ఫ్రిస్కో, టెక్సస్

అందరికీ నమస్కారం. మార్చిలో ఇల్లు కొన్నాం. వెనక పేషియోలో పాత ఓనర్ హాట్ టబ్ వదిలేసి వెళ్ళారు. 400 గ్యాలన్లు, ఆరుగురు కూర్చోవచ్చు, 240 వోల్టులు, 5.5 కిలోవాట్ల హీటర్. ఇంటి కరెంటు బిల్లు ఏప్రిల్‌లో 900 యూనిట్లు వచ్చింది, జులైకి 2,300 యూనిట్లయింది. బయట 100 డిగ్రీల (ఫారన్‌హీట్) ఎండ కాస్తుంటే వేడినీళ్ళ తొట్టికి కరెంటు తగలెయ్యడమేంటని ఇంట్లో రోజూ ఇదే మాట.

అమ్మానాన్న మే నెలలో వచ్చారు, అక్టోబరు దాకా ఉంటారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. రాత్రి తొమ్మిది దాటాక ఓ పావుగంట ఆ నీళ్ళలో కాళ్ళు చాపుకుని కూర్చుంటే ఆ రాత్రి హాయిగా నిద్ర పడుతోందంటుంది. అందుకే బ్రేకర్ దించడానికి నాకు చెయ్యి రావడం లేదు.

కరెంటు తీగల కంపెనీ ఆంకార్ చార్జీలన్నీ కలిపి మాకు యూనిట్ 15 సెంట్లు పడుతోంది. టబ్ ఆపేస్తే బిల్లు నిజంగా తగ్గుతుందా? ఎంత తగ్గుతుంది? ఇంకో విషయం కూడా అర్థం కావడం లేదు. వేడి 96లో పెట్టాను, డిస్‌ప్లేలో 103 చూపిస్తోంది. ఒక పూల్ స్టోర్‌లో అడిగితే హీటర్ మార్చాలన్నారు.

సాయి_ఆస్టిన్

ఆలోచించకండి బ్రో, బ్రేకర్ దించేయండి. నీళ్ళు అలాగే ఉండనీ, దీపావళికి మళ్ళీ ఆన్ చేసుకోండి.

మోటార్_మేస్త్రి · ప్లేనో, టెక్సస్

దించే ముందు ఒక్క నిమిషం ఆగండి నూజివీడు గారూ. మీరు చివర్లో రాసిందే అసలు సంగతి. 96లో పెడితే 103 ఉందంటే మీ హీటర్ వెలగడమే లేదు. పెట్టిన వేడి దాటాక కంట్రోల్ బోర్డు హీటర్‌కి కరెంటు ఇవ్వదు. మరి నీళ్ళు కాగుతున్నది దేనివల్ల? పంపు వల్ల. మోటారు ఆ మూసిన క్యాబినెట్‌లో గంటల తరబడి తిరుగుతుంది, దాని వేడి పైపుల్లోంచి నీళ్ళలోకే వెళ్తుంది. చలికాలంలో ఆ వేడి మనకి కలిసొస్తుంది. ఈ ఊళ్ళో జులై రాత్రి కూడా 80 డిగ్రీలుంటే, పైన మందం ఫోమ్ కవర్ కప్పి ఉంటే, ఆ వేడి ఎక్కడికి పోతుంది? టబ్‌లోనే పేరుకుంటుంది.

నూటికి తొంభై ఇదే. అయినా రెండు చూడండి. మామూలు తేలే థర్మామీటర్ ఒకటి నీళ్ళలో వేసి 103 నిజమో కాదో తేల్చుకోండి, సెన్సర్ తప్పు చూపిస్తూ ఉండొచ్చు. హీటర్ రిలే (దాన్ని వెలిగించి ఆపే స్విచ్) అతుక్కుపోయినా వేడి పెరుగుతుంది, కానీ అలాగైతే 103 దగ్గర ఆగదు, ఇంకా పైకి పోయి ఓవర్‌హీట్ ఎర్రర్ కొట్టి టబ్ మొత్తం ఆగిపోతుంది. మీకు అలా జరగడం లేదు కదా?

ఫిల్టర్ సైకిల్, అంటే పంపు నీళ్ళని ఫిల్టర్ గుండా తిప్పే సమయం, రోజుకి ఎన్ని గంటలు పెట్టి ఉందో చూసి చెప్పండి. హీటర్ మాత్రం ఇప్పుడే మార్చకండి. వెలగని హీటర్‌ని మార్చి ఏం లాభం?

సాయి తమ్ముడూ, నీళ్ళు ఉంచి పంపు ఆపితే టెక్సస్ ఎండకి వారంలో పచ్చగా నాచు పట్టి పైపుల్లోపల జిగురు తేరుతుంది. ఆపాలనుకుంటే నీళ్ళు మొత్తం తీసేసి, పైపుల్లో మిగిలింది కూడా వ్యాక్యూమ్‌తో లాగి, ఆరబెట్టి ఆపాలి. సగంలో వదిలేస్తే మిగిలే పది డాలర్ల కన్నా కడిగే ఖర్చే ఎక్కువ.

నూజివీడు_ఫ్రిస్కో

థాంక్యూ అండీ. మెనూలోకి వెళ్ళి చూశాను. ఫిల్టర్ రెండు సైకిళ్ళు, ఒక్కోటి 6 గంటలు. పాత ఓనర్ పెట్టినవే. థర్మామీటర్‌లో 102 దాకా చూపించింది. ఎర్రర్ ఏమీ రావడం లేదు.

మోటార్_మేస్త్రి

అయితే లెక్క తేలినట్టే.

మీది టూ స్పీడ్ పంపు అయ్యుంటుంది. ఫిల్టర్ సమయంలో లో స్పీడ్‌లో తిరుగుతుంది, అప్పుడు సుమారు 350 వాట్లు లాగుతుంది. 12 గంటలకి 4.2 యూనిట్లు, నెలకి 126 యూనిట్లు, మీ రేటులో 19 డాలర్లు. మీరు వేడి సెట్టింగ్ 96 నుంచి 90కి దించినా ఇందులో ఒక్క యూనిట్ తగ్గదు. ఎందుకంటే ఈ కరెంటు కాల్చేది హీటర్ కాదు. వేసవిలో చాలామంది టెంపరేచర్ తగ్గిస్తూ పోతారు, బిల్లు కదలదు, అప్పుడు టబ్‌ని తిడతారు.

సైకిళ్ళు రెండూ 2 గంటలకి దించండి. తెల్లవారుజామున ఒకటి, రాత్రి మీవాళ్ళు వాడి లేచాక ఒకటి. రోజుకి 1.4 యూనిట్లే అవుతుంది. వేడి పేరుకోవడం కూడా తగ్గుతుంది. కొన్ని మోడళ్ళలో దీనికోసమే సమ్మర్ మోడ్ ఉంటుంది, మాన్యువల్‌లో వెతకండి. ఫిల్టర్ గంటలు తగ్గించాక నీళ్ళు మసకబారుతున్నాయేమో మాత్రం రోజూ చూడాలి. మసకబారితే ఓ గంట పెంచండి.

ఇప్పుడు అసలు అనుమానం. ఏప్రిల్‌కీ జులైకీ మధ్య 1,400 యూనిట్లు పెరిగాయన్నారు. ఏప్రిల్‌లో కూడా ఇదే టబ్ ఇలాగే తిరుగుతోంది కదా? పైగా ఏప్రిల్ రాత్రులు చల్లగా ఉంటాయి, అప్పుడు హీటర్ కూడా వెలిగి ఉంటుంది. అంటే టబ్ జులైలో కన్నా ఏప్రిల్‌లోనే ఎక్కువ తాగి ఉండాలి. పెరిగిన 1,400 యూనిట్లలో దాని పాత్ర ఏమీ లేదు. అదంతా ఏసీ. టబ్‌ని బయట కళ్ళెదురుగా చూస్తాం కాబట్టి అనుమానం దానిమీదికి పోతుంది.

ఇంకో లెక్క గుర్తుంచుకోండి, ఎక్కడైనా పనికొస్తుంది. ఒక పౌండు నీటిని ఒక డిగ్రీ ఫారన్‌హీట్ పెంచడానికి ఒక బీటీయూ కావాలి. గ్యాలన్ నీళ్ళు 8.34 పౌండ్లు. 400 గ్యాలన్లంటే ఒక డిగ్రీకి 3,336 బీటీయూలు. ఒక యూనిట్ కరెంటు అంటే 3,412 బీటీయూలు. అంటే మీ టబ్‌కి డిగ్రీకి ఒక యూనిట్ అనుకోండి, చాలు. నీళ్ళు మార్చి కొత్తవి పోసినప్పుడు ఎంతవుతుందో ఈ లెక్కతోనే తెలుస్తుంది. ఆగస్టులో కుళాయి నీళ్ళే 80 దాటి వస్తాయి, 98కి చేర్చడానికి పదిహేను, పదహారు యూనిట్లు చాలు. జనవరిలో అదే పనికి 45, 50 అవుతాయి. కాబట్టి నీళ్ళు మార్చే పని ఉంటే వేసవిలోనే పెట్టుకోండి.

పద్మజ_ఫ్రీమాంట్ · కాలిఫోర్నియా

మేస్త్రి గారి మాట టెక్సస్‌కి సరిపోతుంది. మా బే ఏరియాలో కథ వేరు, ఇక్కడివాళ్ళు ఇది చదివి ధీమాగా ఉండిపోకూడదని రాస్తున్నాను.

మాకు వేసవంటే పగలు 80, రాత్రి 60 లోపు. అంటే జులైలోనూ హీటర్ వెలుగుతుంది. దానికి తోడు మా కరెంటు కంపెనీ పీజీ అండ్ ఈ రేట్లు. మేం గంటను బట్టి రేటు మారే టీవోయూ-సీ ప్లాన్‌లో ఉన్నాం. సాయంత్రం 4 నుంచి రాత్రి 9 వరకు పీక్, శని ఆదివారాలు కూడా మినహాయింపు లేదు. పీక్‌లో యూనిట్ 50 సెంట్లు దాటుతుంది, మిగతా టైములో కూడా 40 దగ్గర్లో ఉంటుంది. డల్లాస్‌లో ఒక యూనిట్ ఖర్చుకి ఇక్కడ మూడోవంతు యూనిట్ వస్తుంది.

కొత్తగా కొనేవాళ్ళకి ఒక మాట. కాలిఫోర్నియా ఎనర్జీ కమిషన్ నియమాల ప్రకారం ఇక్కడ అమ్మే పోర్టబుల్ టబ్ మీద స్టాండ్‌బై పవర్ (ఎవరూ వాడకుండా ఊరికే వేడి నిలపడానికి లాగే కరెంటు) ఎంతో లేబుల్ ఉండాలి. కవర్ మూసి, నీళ్ళు 102లో, చుట్టూ గాలి 60 డిగ్రీల్లో పెట్టి కొలుస్తారు. మామూలు టబ్‌కి పరిమితి లెక్క గ్యాలన్లను బట్టి ఉంటుంది, 400 గ్యాలన్లదైతే సుమారు 244 వాట్లు దాటకూడదు. అంటే రోజుకి 5.8 యూనిట్లు. మా ఫ్రీమాంట్ రాత్రి చలి ఆ పరీక్షగదికి దగ్గరగానే ఉంటుంది కాబట్టి మాకు ఆ లేబుల్ దాదాపు నిజం చెబుతుంది. పగటి వేడి కలిసొచ్చి మాకు రోజుకి సుమారు 5 యూనిట్లు, నెలకి 60 డాలర్ల దాకా పడుతోంది. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఇది చిన్న మొత్తం కాదు.

మేం చేసింది ఒకటే, పీక్ టైములో హీటర్ వెలగకుండా కట్టడి చేశాం. మాది పాత టబ్, యాప్ గీప్ ఏమీ లేవు. కానీ అందులో ఎకానమీ మోడ్ ఉంది. ఆ మోడ్‌లో ఫిల్టర్ సైకిల్ నడిచేటప్పుడు మాత్రమే హీటర్ వెలుగుతుంది. ఫిల్టర్‌ని ఉదయం పది నుంచి మధ్యాహ్నం రెండింటికి పెట్టాం. మధ్యాహ్నానికి 101 అవుతుంది. రాత్రి ఎనిమిదిన్నరకి కవర్ తీస్తే 100 ఉంటుంది. ఆ ఒక్క డిగ్రీకి ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

సోలార్ ఉన్నవాళ్ళు ఇంకా శ్రద్ధగా చెయ్యాలి. 2023 ఏప్రిల్ మధ్య తర్వాత సోలార్‌కి అప్లై చేసినవాళ్ళకి కొత్త నెట్ బిల్లింగ్ వర్తిస్తుంది, మధ్యాహ్నం గ్రిడ్‌కి పంపే కరెంటుకి వచ్చేది చాలా తక్కువ. ఆ కరెంటు గ్రిడ్‌కి పంపే బదులు మధ్యాహ్నం నీళ్ళలో వేడిగా దాచుకోండి. 400 గ్యాలన్ల నీళ్ళని ఐదు డిగ్రీలు పెంచారంటే ఐదు యూనిట్లు దాచుకున్నట్టే.

సాయి_ఆస్టిన్

పద్మజ అక్కా, ఈ లెక్కలు బాగున్నాయి. అయితే వారానికి ఒక్కసారి, శనివారం మాత్రమే వాడేవాళ్ళ సంగతేంటి? ఐదు రోజులు ఆపి, శుక్రవారం ఆన్ చేస్తే మిగలదా? మళ్ళీ కాచడానికి ఎక్కువ కాలుతుందని కొందరంటారు, అది నిజమా?

మోటార్_మేస్త్రి

మళ్ళీ కాచడానికి ఎక్కువ కాలుతుందన్న మాట తప్పు తమ్ముడూ. నీళ్ళు చల్లబడేకొద్దీ బయటికి పోయే వేడి తగ్గుతూ ఉంటుంది, కాబట్టి ఆపితే ఎప్పుడూ ఎంతో కొంత మిగులుతుంది. ఎంత అన్నదే ప్రశ్న.

డల్లాస్ ఆగస్టు తీసుకో. రాత్రీ పగలూ కలిపి సగటున 87 అనుకుందాం. టబ్ 100లో ఉంది. మంచి కవరున్న 400 గ్యాలన్ల టబ్‌ని ఐదు రోజులు ఆపితే 93 దగ్గరికి దిగుతుంది. తిరిగి 100కి తేవడానికి ఏడు యూనిట్ల లోపు. ఆపకుండా 100లోనే నిలబెడితే ఆ ఐదు రోజుల్లో పోయే వేడి ఎనిమిదిన్నర యూనిట్ల దాకా. తేడా రెండు యూనిట్లు, 30 సెంట్లు. దానికోసం ఐదు రోజులు నీళ్ళు కదలకుండా నిలవ పెట్టడం నాకు నచ్చదు.

చలికాలంలో తేడా ఎక్కువే వస్తుంది, కానీ అప్పుడు ఆపితే గడ్డకట్టే భయం. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో కరెంటు పోయి ఇక్కడ ఎంతమంది పైపులు పగిలాయో అందరికీ గుర్తే. కరెంటు ఉండగా మన చేతులతో ఆ పరిస్థితి తెచ్చుకోవద్దు.

ఎడిసన్_తమ్ముడు · న్యూజెర్సీ

నాది గాలి కొట్టే టబ్ అన్నా. 210 గ్యాలన్లు, మామూలు ప్లగ్గు, 1.3 కిలోవాట్ల హీటర్. నలుగురం రూమ్మేట్స్ కలిసి కొన్నాం. దీనికి కూడా అవే లెక్కలా?

మోటార్_మేస్త్రి

లెక్క అదే, గోడ వేరు. 210 గ్యాలన్లకి డిగ్రీకి అర యూనిట్ చాలు, మీ హీటర్ గంటకి రెండున్నర డిగ్రీలు పెంచుతుంది. కానీ పెద్ద టబ్‌లో ఉండే ఫోమ్ మీదాంట్లో ఉండదు, ప్లాస్టిక్ పొర, లోపల గాలి, అంతే. కాచిన వేడి కాచినట్టే పోతుంది. మీవాటికి మాత్రం వాడని రోజుల్లో హీటర్ ఆపి, ఫిల్టర్ నడిపి, వాడే రోజు మధ్యాహ్నం ఆన్ చేసుకోవడమే మేలు. కింద ఫోమ్ మ్యాట్ వెయ్యండి, నీళ్ళ మీద తేలే బబుల్ షీట్ ఒకటి పరవండి. రెండూ కలిపి పెద్ద ఖర్చు కాదు.

ఎక్స్‌టెన్షన్ వైరు మాత్రం వాడొద్దు. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే జీఎఫ్‌సీఐ ఉన్న సాకెట్‌కే నేరుగా పెట్టండి. ఇది డబ్బు విషయం కాదు, ప్రాణం విషయం.

కేటీ_కాకినాడ · కేటీ, టెక్సస్

మాకు విడి టబ్ లేదు, పూల్‌కి అతికించి కట్టిన స్పా. గ్యాస్ హీటర్, 4 లక్షల బీటీయూలది. ఇలాంటివి ఉన్నవాళ్ళు ఇక్కడ చాలామందే ఉంటారు కాబట్టి మా లెక్క కూడా చెప్తా.

స్పా వరకు 600 గ్యాలన్లు. వేసవిలో పూల్ నీళ్ళే 85 పైన ఉంటాయి. 101కి తేవాలంటే 80 వేల బీటీయూలు నీళ్ళలోకి వెళ్ళాలి, హీటర్లో వృథా కలిపితే దాదాపు ఒక థర్మ్ (లక్ష బీటీయూలు) గ్యాస్. పావుగంటలో వేడెక్కిపోతుంది. వాడినప్పుడే కాచుకుంటాం, వాడనప్పుడు ఖర్చు సున్నా. మా గ్యాస్ రేటుకి ఒకసారి కూర్చుంటే డాలరు, డాలరున్నర. జనవరిలో అదే నీళ్ళు 55లో ఉంటాయి, మూడు రెట్లు అవుతుంది.

ఒకటి చూసుకోవాలి. స్పా మోడ్‌లో పెట్టకుండా స్పిల్‌ఓవర్ (స్పా నుంచి పూల్లోకి నీళ్ళు పొర్లే దారి) పారుతుండగా హీటర్ వేస్తే, కాగిన నీళ్ళన్నీ పూల్లోకి పొర్లిపోతాయి. వాల్వులు సరిగ్గా తిరిగాయో లేదో ఒకసారి చేత్తో ముట్టుకుని చూడండి.

ఎండమావి · చాండ్లర్, ఆరిజోనా

మా బాధ మీ అందరికీ వ్యతిరేకం. ఇక్కడ జూన్‌లో పగలు 110. నీళ్ళు వేడెక్కించడం కాదు, చల్లబరచడం ఎలాగా అని చూస్తాం. హీటర్ ఎప్పుడో ఆపేశాం, అయినా 98 నుంచి దిగదు.

మాకు పనిచేసింది చెప్తాను. రాత్రి పదకొండు తర్వాత పెద్దవాళ్ళు దగ్గరుండి కవర్ సగం మడిచి, గాలి వచ్చే నాబ్‌లు తెరిచి, జెట్లు ఓ అరగంట నడుపుతాం. ఇక్కడి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది. కుండలో నీళ్ళు చల్లబడేది ఇలాగే కదా. ఒక గ్యాలన్ ఆవిరైతే దాదాపు రెండున్నర యూనిట్ల వేడి పోతుంది. అలా నీళ్ళు కొంత చల్లబడతాయి. పిల్లలకి అప్పుడది చిన్న ఈతతొట్టి. జులైలో మాన్సూన్ తేమ మొదలయ్యాక మాత్రం ఈ ఉపాయం అంతగా పారదు. హ్యూస్టన్ వైపు వాళ్ళకి అసలు పారదు.

ఇదే లెక్క తిరగేసి చూడండి. వేడి నిలవాలనుకునేవాళ్ళు కవర్ తీసి ఉంచినా, గాలి నాబ్‌లు తెరిచి వదిలేసినా అదే రెండున్నర యూనిట్లు వాళ్ళ జేబులోంచి పోతున్నట్టు. మా కరెంటు కంపెనీ ఏపీఎస్, సోమవారం నుంచి శుక్రవారం దాకా సాయంత్రం 4 నుంచి 7 పీక్. ఆ మూడు గంటలు ఫిల్టర్ తిరగకుండా పెట్టుకున్నాం.

కోకాపేట_విల్లా · హైదరాబాద్

చదువుతుంటే ముచ్చటగా ఉంది. మాకు కమ్యూనిటీ విల్లాలో మేడమీద బాత్రూంలో జకూజీ ఇచ్చారు. మీలాగా నీళ్ళు నిలవ ఉంచేది కాదు, వాడినప్పుడు నింపి తర్వాత వదిలేసేది, 300 లీటర్లు. మాకు నెలకి 800 యూనిట్లు దాటితే ఆపైన యూనిట్ 10 రూపాయలు, వేసవిలో ఏసీలతోనే దాటేస్తుంది. డిసెంబరులో ఒకసారి నింపి కాచుకోవడానికి 40, 50 రూపాయలు అవుతుంది. మేలో గీజర్ వెయ్యక్కర్లేదు, మధ్యాహ్నం ట్యాంకు నీళ్ళు పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. కరెంటు కన్నా మాకు నీళ్ళ బెంగే ఎక్కువ. ట్యాంకర్ తెప్పించుకునే ఎండల్లో 300 లీటర్లు పారబోయడానికి మనసొప్పదు, మే అంతా దాన్ని వాడం.

నర్స్_అక్క · షార్లెట్, నార్త్ కరోలినా

ఖర్చు గురించి అందరూ బాగా చెప్పారు. నూజివీడు తమ్ముడూ, అమ్మగారి గురించి నా మాట ఒక్కటి విను.

103 పెద్దవాళ్ళకి ఎక్కువ. 104 దాటకూడదన్నది ఆరోగ్యవంతులైన పెద్దలకి పెట్టిన గరిష్ఠ హద్దు, అది లక్ష్యం కాదు. వేసవిలో బయట గాలి కూడా వేడిగా ఉంటుంది, ఒంట్లో వేడి బయటికి పోయే దారి ఉండదు. నీళ్ళు 97, 98లో ఉంచండి, పావుగంట చాలు. నాన్నగారు కూడా దిగుతున్నారా? బీపీ మాత్రలు వేసుకుంటుంటే డాక్టర్ని అడక్కుండా దిగనివ్వద్దు. వేడికి రక్తనాళాలు వ్యాకోచించి బీపీ పడిపోతుంది, లేచి నిలబడేటప్పుడు కళ్ళు తిరుగుతాయి. లేచేటప్పుడు పక్కన ఒకరుండి చెయ్యి పట్టుకోండి. దిగేముందు ఒక గ్లాసు మజ్జిగో నీళ్ళో తాగించండి. గర్భిణులు, ఐదేళ్ళలోపు పిల్లలు దిగకూడదు.

ఇంకోటి. కరెంటు కోసం వేడి తగ్గించి, ఫిల్టర్ గంటలు తగ్గించి, క్లోరిన్ కూడా తగ్గిస్తారు కొందరు. అది చెయ్యొద్దు. లెజియొనెల్లా అనే బాక్టీరియా 77 నుంచి 113 డిగ్రీల మధ్య బాగా పెరుగుతుంది. అంటే మీరు 104లో ఉంచినా, 90కి దించినా దానికి అనుకూలమే. హాట్ టబ్‌లో క్లోరిన్ కనీసం 3 పీపీఎం, పీహెచ్ 7.0 నుంచి 7.8 మధ్య ఉండాలన్నది అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ మాట. ఎండకి, వేడికి క్లోరిన్ త్వరగా అయిపోతుంది. టెస్ట్ స్ట్రిప్ దిగేముందు ముంచి చూడండి, దిగాక కాదు. క్లోరిన్ పొడి మీద ఆదా చేస్తే ఒంటిమీద దద్దుర్లు, అర్జెంట్ కేర్ బిల్లు. నేను డ్యూటీలో చూస్తుంటాను కాబట్టి చెబుతున్నాను.

నూజివీడు_ఫ్రిస్కో

అక్కా, చాలా థాంక్స్. నాన్నకి బీపీ ఉంది, ఆయన గట్టుమీద కూర్చుని కాళ్ళు మాత్రమే పెడుతున్నారు. ఈ వారం ఆయన డాక్టర్‌తో వీడియో కాల్‌లో మాట్లాడి కనుక్కుంటాం.

ఫ్రీ నైట్స్ ప్లాన్‌కి మారమని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. రాత్రి తొమ్మిది నుంచి కరెంటు ఉచితమట. టబ్ అంతా రాత్రే నడుపుకోవచ్చు కదా?

కేటీ_కాకినాడ

టబ్ కోసం ప్లాన్ మారొద్దు అన్నా. ఆ ప్లాన్లలో పగటి రేటు బాగా ఎక్కువ ఉంటుంది, మన ఏసీ తిరిగేదేమో మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి దాకా. అమ్మానాన్న పగలంతా ఇంట్లోనే ఉంటారు, ఏసీ ఆపలేం. టబ్‌లో మూడు డాలర్లు మిగిలి, ఏసీలో ముప్పై పోతాయి. టెక్సస్ కరెంటు ప్లాన్లు పోల్చి చూసే పవర్ టు చూజ్ సైట్లో ప్లాన్ చూసినప్పుడు ఎలక్ట్రిసిటీ ఫ్యాక్ట్స్ లేబుల్ తెరవండి. 500, 1000, 2000 యూనిట్ల దగ్గర సగటు రేటు ఎంతో అందులో ఉంటుంది. మీ పన్నెండు నెలల వాడకం స్మార్ట్ మీటర్ టెక్సస్ సైట్లో దొరుకుతుంది, మార్చికి ముందుది పాత ఓనర్‌ది కాబట్టి మీకు కనపడకపోవచ్చు. మీ నెలలు పెట్టి లెక్కేసుకోండి.

1000 యూనిట్లు దాటితే బిల్లులో క్రెడిట్ ఇచ్చే ప్లాన్లు కూడా ఉన్నాయి. అలాంటి ప్లాన్‌లో ఉండి, ఏప్రిల్‌లో టబ్ ఆపి 1000 కిందికి దిగారంటే క్రెడిట్ పోయి బిల్లు పెరుగుతుంది. నేను చూసిన ఒక ఇంట్లో అదే జరిగింది.

నూజివీడు_ఫ్రిస్కో

అప్‌డేట్. ప్యానెల్‌లో క్లాంపులు తగిలించే ఎనర్జీ మానిటర్ ఒకటి ఎలక్ట్రీషియన్‌తో పెట్టించాను. ఫిల్టర్ గంటలు మార్చకముందు కొన్ని రోజులు, మార్చాక ఓ వారం చూశాం.

ముందు: టబ్ రోజుకి 5.3 యూనిట్లు. అందులో హీటర్ వాటా సున్నా, గ్రాఫ్‌లో 5.5 కిలోవాట్ల గీత ఒక్కసారి కూడా రాలేదు. మేస్త్రి గారు చెప్పినట్టే లో స్పీడ్ పంపు 340, 350 వాట్ల దగ్గర గంటల తరబడి బల్లపరుపుగా ఉంది. రాత్రి జెట్లు వేసినప్పుడు మాత్రం కాసేపు 2 కిలోవాట్లకి ఎగిరింది.

తర్వాత: రోజుకి 2.4 యూనిట్లు. నెలకి 11 డాలర్లు. నీళ్ళు 98లో నిలబడ్డాయి, అప్పుడప్పుడు తెల్లవారుజామున హీటర్ రెండు, మూడు నిమిషాలు వెలుగుతోంది. అదే ప్యానెల్‌లో ఏసీలు రెండూ కలిపి రోజుకి 50 యూనిట్లు దాటుతున్నాయి. పైన గదుల్లో ఎవరూ లేకపోయినా 74లో తిరుగుతోంది, దాన్ని 80కి మార్చాం. టబ్ మాట ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు ఇప్పుడు.

ఒకటి మిగిలింది. కవర్ లేపాలంటే మా ఇద్దరికీ కష్టంగా ఉంది, మధ్యలో వంగింది. జిప్పు తీసి చూస్తే లోపల ఫోమ్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చిరిగి ఉంది, వేలితో నొక్కితే నీరు ఊరింది. వేసవిలో నడుస్తుంది కదా, చలికాలం ముందు మారిస్తే చాలా?

మోటార్_మేస్త్రి

ఫోమ్ నీళ్ళు తాగాక అది కవర్ కాదు, తడిగుడ్డ. వేడిని ఆపదు. వేసవిలో బిల్లులో తేడా కనపడదు, నవంబరులో కనపడుతుంది. అందుకని ఇప్పుడే ఆర్డర్ పెట్టండి, కొలతలకి చేసి పంపేవి రావడానికి వారాలు పడుతుంది. పాతదాని కొలతలు తీసుకోకండి, అది వంగి సాగి ఉంటుంది. టబ్ అంచు నుంచి అంచుకి కొలవండి. మూలలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి మూల వ్యాసార్ధం కూడా అడుగుతారు. రెండు పక్కల అంచుల మీద స్కేలు ఆన్చి, అవి ముందుకు సాగితే కలిసే చోటు నుంచి వంపు మొదలయ్యే దాకా ఎన్ని అంగుళాలో కొలిస్తే అదే. మడత దగ్గర వేడి కారకుండా మధ్యలో పూర్తి పొడవు సీల్ ఉన్నది అడగండి. వాన నీళ్ళు జారిపోయేలా మందం మధ్యలో 5 అంగుళాలు, అంచుల్లో 3 లేదా 4 ఉన్నది తీసుకోండి.

పద్మజ_ఫ్రీమాంట్

రంగు కూడా చూడండి. మేం ముదురు రంగు తీసుకుంటే పైన వినైల్ ఎండకి మూడేళ్ళలోనే పెళుసెక్కింది. లేతది తీసుకోండి, వినైల్‌కి వాడే యూవీ స్ప్రే అప్పుడప్పుడు కొట్టండి. క్లోరిన్ పొడి వేశాక కవర్ వెంటనే మూసేయకుండా ఓ పావుగంట తెరిచి ఉంచండి, ఆ ఆవిరే లోపలి ప్లాస్టిక్‌ని తినేసేది.

నూజివీడు_ఫ్రిస్కో

ఇవాళే కొలతలు తీసి ఆర్డర్ పెడతాను. లేత బూడిద రంగు, 5 నుంచి 3 అంగుళాలది. లేపడానికి పక్కన బిగించే లిఫ్టర్ కూడా కలిపి తీసుకుంటున్నా, అమ్మ ఒక్కతే తీసుకోగలిగేలా. నవంబరులో మానిటర్ లెక్కలు మళ్ళీ ఇక్కడే పెడతాను.